క్వార్టర్ లెక్క: మందులో 'లిమిట్' అంటే ఎంత, దాన్ని ఎలా లెక్కేసుకోవాలి

"నేను లిమిట్‌లోనే తాగుతానండీ" అనేవాళ్లు మనకు వీధికి నలుగురు దొరుకుతారు. ఆ లిమిట్ ఎంత అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో కొలత చెబుతారు. ఒకరికి రెండు బీర్లు, ఇంకొకరికి క్వార్టర్, మరొకరికి ఇంటికి తూలకుండా నడిచి వెళ్లగలిగినంత. మత్తు ఎక్కిందా లేదా అన్నది కొలతే కాదు. అలవాటైన ఒంటికి మత్తు ఆలస్యంగా ఎక్కుతుంది, లివర్‌కు పడే దెబ్బ మాత్రం తగ్గదు. 'నాకు ఎంత తాగినా ఎక్కదు' అని గొప్పగా చెప్పుకునే మనిషి గురించే నిజానికి ఎక్కువ టెన్షన్ పడాలి.

కాబట్టి లిమిట్‌ను సీసాల్లో కాకుండా గ్రాముల్లో చూద్దాం. లెక్క చాలా సులువు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందుగా, ఈ లెక్క ఎవరికి కాదు

మందు అలవాటు లేనివాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు. 'రోజూ కొంచెం పుచ్చుకుంటే గుండెకు మంచిదట' అన్న మాట విని మొదలుపెట్టాలనుకుంటే, ఆ ఆలోచన మానుకోండి. ఆ మాటకు ఆధారమైన పాత పరిశోధనల్లో ఒక తిరకాసు ఉంది. 'తాగనివాళ్లు' అన్న జాబితాలో, ఒళ్లు చెడి తాగుడు మానేసినవాళ్లు కూడా కలిసిపోయారు. వాళ్ల ఆరోగ్యంతో పోలిస్తే కొద్దిగా తాగేవాళ్లు బాగున్నట్టే కనిపిస్తారు మరి. ఆ తేడా సరిచేసి చూస్తే ఆ లాభం చాలావరకు కరిగిపోయింది. ఎంత తక్కువైనా సరే, పూర్తిగా సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది 1988లోనే. నోరు, గొంతు, అన్నవాహిక, లివర్, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉంది. ఇందులో విస్కీ, వైన్, బీరు అన్న తేడా లేదు.

పిల్లలకు జలుబు చేస్తే చెంచాడు బ్రాందీ పట్టే ఇళ్లు, బాలింతకు 'ఒంట్లో వేడి కోసం' ఇచ్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బ్రాందీ తాగితే చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి కాబట్టి వెచ్చగా అనిపిస్తుంది. లోపలి వేడి ఆ దారినే బయటకు పోతుంది. పిల్లలకు, పాలిచ్చే తల్లులకు ఆ చెంచాడు కూడా వద్దు.

ఇక లిమిట్ 'సున్నా' అయినవాళ్లు కొందరున్నారు. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, లివర్ లేదా పాంక్రియాస్ జబ్బు ఉన్నవాళ్లు, ఫిట్స్ మందులో, నిద్రమాత్రలో, టీబీ మందులో వాడుతున్నవాళ్లు, ఒకసారి తాగుడుకు బానిసై బయటపడ్డవాళ్లు. షుగర్‌కు గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు ఖాళీ కడుపుతో తాగితే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, తడబాటు చూసి పక్కనవాళ్లు 'ఎక్కువైంది, పడుకోనివ్వండి' అంటారు. ప్రాణం పోయేది అక్కడే. విరేచనాలకు, పంటి చీముకు రాసే మెట్రోనిడజోల్ వాడుతున్న రోజుల్లోనూ ముట్టకూడదు. కొందరికి వాంతులు, గుండెదడ వస్తాయి. 21 ఏళ్లు నిండనివాళ్లకు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ చట్టమే ఒప్పుకోదు.

వీళ్లెవరూ కాదు, ఎలాగూ తాగుతున్నాను అంటారా, అయితే సీసా తీసుకోండి.

మొదటి పని: లేబుల్ చదవడం

సీసా తిప్పి వెనకవైపు చూడండి. ధర, బ్యాచ్ నంబర్, 'మద్యపానం ఆరోగ్యానికి హానికరం' అన్న హెచ్చరిక దగ్గర్లోనే ఒక శాతం ఉంటుంది. మన దగ్గర తయారయ్యే విస్కీ, బ్రాందీ, రమ్ము దాదాపు అన్నింటి మీదా 42.8 శాతం అని ఉంటుంది. కొన్నింటి మీద '25 డిగ్రీల యూ.పీ.' అని పాత పద్ధతిలో కూడా రాస్తారు, రెండూ ఒకటే. బీరు మీద లైట్ అయితే 5 శాతం దాకా, స్ట్రాంగ్ అయితే 8 శాతం దాకా ఉంటుంది. 'మించకుండా' అని రాశారంటే పై అంకెనే లెక్కలోకి తీసుకోండి. మనం తప్పు చేసినా తక్కువ తాగే వైపు తప్పు చేయడం మేలు.

ఇప్పుడు లెక్క: మిల్లీలీటర్లను శాతంతో గుణించండి, వచ్చినదాన్ని 0.79తో గుణించి 100తో భాగించండి. ఆల్కహాల్ నీటికన్నా తేలిక, ఒక మిల్లీలీటరు 0.79 గ్రాములే తూగుతుంది కాబట్టి ఆ అంకె.

30 మి.లీ. విస్కీ తీసుకుంటే 30 × 42.8 × 0.79 ÷ 100, అంటే సుమారు 10 గ్రాములు. ఇది మనకు కలిసొచ్చిన అంకె. మన స్మాల్ పెగ్గు దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్. ఆస్ట్రేలియాలో 'ఒక డ్రింక్' అంటే కూడా ఇంతే. బ్రిటన్‌లో ఒక యూనిట్ 8 గ్రాములు, అమెరికాలో ఒక డ్రింక్ 14 గ్రాములు. ఇంటర్నెట్‌లో 'రోజుకు రెండు డ్రింకులు పర్వాలేదు' అని చదివి రెండు లార్జ్‌లు పోసుకునేవాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే. ఆ డ్రింక్ ఏ దేశపుదో చూడరు, అది మన లార్జ్ అంత ఉండదనీ చూడరు.

అందుకని ఇక మీదట అన్నింటినీ స్మాల్‌లలోకి మార్చేద్దాం. లార్జ్ అంటే 2 స్మాల్‌లు. నైంటీ అంటే 3. క్వార్టర్, అంటే 180 మి.లీ., 6 స్మాల్‌లు. 650 మి.లీ. స్ట్రాంగ్ బీరు ఒక్కటే 4 స్మాల్‌లు, అదే సైజు లైట్ బీరు రెండున్నర. 330 మి.లీ. లైట్ బీరు టిన్ను ఒకటింబావు. వైన్ 150 మి.లీ. గ్లాసు దాదాపు ఒకటిన్నర. తియ్యగా, రంగురంగులుగా ఉండే బ్రీజర్లు చిన్న సీసా ఒకటికి ఒక స్మాల్ చొప్పున వేసుకోండి, కూల్‌డ్రింక్ ఖాతాలో రాయకండి.

బీరు సంగతి కాస్త ఆగి చెప్పాలి. 'నేను మందు తాగను, ఓన్లీ బీర్' అనే మాట మన దగ్గర దాదాపు మంచి నడవడిక సర్టిఫికెట్‌లా చలామణి అవుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా అమ్ముడుపోయేది స్ట్రాంగ్ బీరే. ఆ సీసాలు రెండు ఖాళీ చేసినవాడు 8 స్మాల్‌లు తాగినట్టు. పక్కన కూర్చుని క్వార్టర్ తాగుతూ 'తాగుబోతు' అనిపించుకుంటున్న బావమరిది కన్నా రెండు స్మాల్‌లు ఎక్కువే.

కల్లుకు లేబుల్ ఉండదు. పొద్దున దింపిన కల్లు తియ్యగా, తేలిగ్గా ఉంటుంది. ఎండెక్కేకొద్దీ పులిసి పులుపూ, ఘాటూ పెరుగుతాయి. బాగా పులిసినదాన్ని లైట్ బీరుతో సమానంగా లెక్కేయండి. అయితే ఇది చెట్టు కల్లుకు మాత్రమే. కొన్ని కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్తీ సరుకులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు. దానికి ఏ లెక్కా వర్తించదు. మానేసిన రెండో రోజు పిచ్చిపట్టినట్టు ప్రవర్తిస్తున్నారంటే అది కల్లు మహిమ కాదు, ఆ మాత్రల మహిమ. నాటుసారాకూ అంతే. శాతం తెలియదు, అందులో ఏముందో తెలియదు. ఆ రెండూ లిమిట్ అనే మాట బయటివి.

రెండో పని: గ్లాసుకు గీత పెట్టడం

బార్‌లో కొలిచి పోస్తారు. ఇంట్లో, సిట్టింగ్‌లో కొలిచేది కన్నే. స్టీలు గ్లాసైతే అదీ లేదు. వెడల్పు గ్లాసులో రెండు వేళ్ల మందం అంటే 60 అనుకుని పోస్తే 80 దాటడం మామూలు. మత్తు ఎక్కేకొద్దీ వేళ్లూ లావెక్కుతాయి.

మెడికల్ షాపులో దగ్గు సిరప్‌తో వచ్చే ప్లాస్టిక్ మూత తీసుకోండి. దాని మీద 5, 10, 15 మి.లీ. గీతలుంటాయి. రోజూ వాడే గ్లాసులో దానితో 30 మి.లీ. నీళ్లు పోసి, బయట ఆ మట్టం దగ్గర నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీయండి. ఇంకో 30 పోసి రెండో గీత. ఆరాక కడిగినా చాలాకాలం పోదు. మొదటిసారి ఈ పని చేసినవాళ్లు తాము ఇన్నాళ్లూ 'స్మాల్' అనుకున్నది రెండో గీత దగ్గర ఉందని చూసి బిత్తరపోతారు. ముందు మందు పోసి, తరువాత ఐసు, నీళ్లు. ఐసు మీద మందు పోస్తే గీత అబద్ధం చెబుతుంది.

ఇంకొకటి. గ్లాసు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా మళ్లీ పోయనివ్వకండి. సగం గ్లాసులో 'కొంచెం టాపప్' అంటూ పోసేవాడు ప్రతి సిట్టింగ్‌లో ఒకడుంటాడు. ఆ రాత్రి మీ లెక్క చెడిపోయేది వాడి చేతిలోనే.

మూడో పని: అంకె పెట్టుకోవడం

ఎవరు ఎంత చెబుతున్నారో మన సీసాల్లోకి మార్చి చూద్దాం.

బ్రిటన్ 2016 నుంచి ఆడా మగా ఇద్దరికీ వారానికి 14 యూనిట్లు అంటోంది. అంటే 112 గ్రాములు. మన విస్కీలో చూస్తే ఒక హాఫ్ బాటిల్ కూడా నిండదు, అదీ వారం మొత్తానికి. దాన్నైనా మూడు నాలుగు రోజులకు పంచుకోమంటుంది. ఆస్ట్రేలియా 2020లో వారానికి 10 డ్రింకులు, ఏ ఒక్క రోజూ 4 మించకూడదు అంది. అమెరికా చాలా ఏళ్లపాటు మగవాళ్లకు రోజుకు 2, ఆడవాళ్లకు 1 అని చెబుతూ వచ్చింది. కెనడాలో 2023లో వచ్చిన సూచన అన్నిటికన్నా కఠినం. వారానికి 2 డ్రింకులలోపు ఉంటేనే తక్కువ ప్రమాదమట. అది మన నైంటీ కన్నా కాస్త తక్కువ, ఏడు రోజులకు కలిపి.

వీటిలో మనకు వాడుకోవడానికి వీలైనది ఆస్ట్రేలియా లెక్క. వాళ్ల డ్రింక్, మన స్మాల్ ఒకటే కాబట్టి మార్చే పని లేదు. ఏ రోజూ 4 స్మాల్‌లు దాటకుండా, వారం మొత్తం మీద 10 దాటకుండా. ఇది పూర్తి రక్షణ అని ఎవరూ అనలేదు. ఈ గీత లోపల ఉంటే, తాగుడు వల్ల వచ్చే జబ్బుతోనో ప్రమాదంతోనో చనిపోయే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ ఉంటుందని వాళ్ల అంచనా. నూటికి ఒకటి చిన్నదా పెద్దదా అన్నది మీరే తేల్చుకోవాలి.

55 కిలోల మనిషి అయినా, లివర్‌లో కొవ్వు ఉందని స్కానింగ్‌లో చెప్పినా, బీపీ, షుగర్ ఉన్నా దీనిలో సగం పెట్టుకోవడం నా సలహా. ఆడవాళ్లకు కూడా అంతే. ఒంట్లో నీటి శాతం తక్కువ ఉండటంతో, అంతే బరువున్న మగవాడు తాగినంతే తాగినా రక్తంలో ఆల్కహాల్ ఎక్కువ చేరుతుంది. ఇందులో ఎవరు గట్టి, ఎవరు కాదు అన్న పేచీ ఏమీ లేదు.

ఇక ప్రపంచ ఆరోగ్య సంస్థ 'అతిగా తాగడం' అని దేన్ని అంటుందో చూడండి. ఒకే కూర్చోవడంలో 60 గ్రాములు, ఆపైన. మన క్వార్టర్ లెక్క వేస్తే 61 గ్రాములు. 'ఒక్క క్వార్టరే కదండీ' అని మనం మితానికి ఉదాహరణగా చెప్పేది వాళ్ల పుస్తకంలో అతికి మొదటి మెట్టు. శనివారం రాత్రి ఒక్కసారే తాగి, వారమంతా ముట్టకపోయినా ఆ రాత్రి వరకు అది అతే.

అలాగే రోజువారీ లిమిట్ అంటే రోజూ తాగమని కాదు. రోజూ రెండు స్మాల్‌లు వేస్తే వారానికి 14, గీత దాటేశారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొదుపు చేసి పదీ ఒక్క శనివారమే తాగడం కూడా కుదరదు, 4 దాటకూడదన్న నియమం అందుకే ఉంది. వారంలో కనీసం నాలుగు రోజులు అసలు ముట్టని రోజులుగా ముందే తేల్చి పెట్టుకోండి. ఏ రోజులో మీ ఇష్టం. మంగళవారం, గురువారం, శనివారం ఎలాగూ ఏదో ఒక దేవుడి పేరుతో మానేసేవాళ్లకు సగం పని అయిపోయినట్టే.

నాలుగో పని: ఒక వారం రాసి చూడటం

ఏమీ తగ్గించకుండా, మామూలుగా ఎలా తాగుతారో అలాగే తాగుతూ ఒక వారం రాయండి. ఫోన్‌లో నోట్స్ చాలు. ఏ రోజు, ఎన్ని మి.లీ., ఎవరితో, ఎన్నింటికి మొదలైంది. మర్నాడు పొద్దున గుర్తు తెచ్చుకుని రాస్తే తక్కువే రాస్తారు, గ్లాసు పోసినప్పుడే రాయాలి. వారం చివర స్మాల్‌లలోకి మార్చి కూడండి.

మొత్తం కన్నా 'ఎవరితో' అన్న గడి చూడండి. చాలామందికి తాగుడంతా ఒకరిద్దరు మనుషుల చుట్టూనో, ఒకే వేళ చుట్టూనో ఉంటుంది. ఆఫీసు నుంచి వచ్చి టీవీ ముందు కూర్చున్న గంటలోనే అంతా జరుగుతుంటే, ఆ గంటను మార్చితే చాలు. మొత్తం 25 స్మాల్‌లు వస్తే వచ్చేవారం 10కి దింపే పంతం వద్దు. ముందు 18కి, తరువాత 12కి, అలా దిగండి. ఇంట్లో ఫుల్ బాటిల్ పెట్టుకోవడం మానేసి, తాగే రోజున నైంటీ మాత్రమే తెచ్చుకోవడం నాకు తెలిసి అన్నిటికన్నా బాగా పనిచేసే ఉపాయం. ఫుల్ కొంటే డబ్బు మిగులుతుందన్నది నిజమే. ఆ మిగిలిన డబ్బు ఇంకో ఫుల్‌కే పోతుంది.

ఐదో పని: సిట్టింగ్‌లో కూర్చున్నప్పుడు

ముందు తినండి. చిప్స్, పల్లీలు కాదు, అన్నమో చపాతీయో గుడ్లో. కడుపులో తిండి ఉంటే ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా వెళుతుంది. ఉప్పూ కారం దట్టించిన స్టఫ్ దాహం పెంచుతుంది, ఆ దాహం గ్లాసు మీదకే పోతుంది. గ్లాసు మందుకూ గ్లాసు మందుకూ మధ్య ఒక గ్లాసు నీళ్లు పెట్టండి. లివర్ గంటకు దాదాపు ఒక స్మాల్‌నే అరగదీయగలదు. అంతకన్నా వేగంగా పోస్తే మిగతాదంతా రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది.

రౌండ్ల లెక్కలో ఇరుక్కోకండి. 'ఈ రౌండ్ నాది, వచ్చే రౌండ్ నీది' అని మొదలైతే ఐదుగురు కూర్చున్న చోట ఐదు రౌండ్లు తప్పవు. మీ వాటా డబ్బు ముందే ఇచ్చేసి మీ గ్లాసు మీరు పోసుకోండి. 'ఒక్కటే రా, నా మీద ఒట్టు' అనేవాడికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. 'పొద్దున బ్లడ్ టెస్ట్ ఉంది బావా', 'యాంటీబయాటిక్ వాడుతున్నా' లాంటివి బాగా నడుస్తాయి. గ్లాసులో సోడా నిమ్మకాయ పోసుకుని చేతిలో పట్టుకుంటే సగంమంది అసలు అడగరు కూడా. ఖాళీ చేయి చూస్తేనే వాళ్లకు దురద.

ఎవరైనా ఎక్కువై స్పృహ తప్పితే వెల్లకిలా పడుకోబెట్టకండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఒకరు దగ్గరే కూర్చోండి. పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి నెమ్మదించి ఆగి ఆగి వస్తున్నా, ఒళ్లు చల్లబడుతున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్లు తల మీద గుమ్మరించడం, వేలు పెట్టి కక్కించడం, వీటిలో ఏదీ రక్తంలో చేరిన ఆల్కహాల్‌ను తగ్గించదు. సగం స్పృహలో ఉన్నవాడి నోట్లో మజ్జిగ పోయడం ప్రమాదం కూడా.

బండి సంగతి

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటకూడదు. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపుతో గబగబా ఒక లార్జ్ తాగితే సుమారు 40 దాకా పోతుంది. ఒక్క లార్జ్‌తోనే. క్వార్టర్ అయితే 120 మీద. ఇక అది గంటకు సుమారు 15 చొప్పునే దిగుతుంది, మనం ఏం చేసినా వేగం పెరగదు.

ఇప్పుడొక మామూలు శుక్రవారం చూడండి. రాత్రి తొమ్మిదికి మొదలుపెట్టి ఒక క్వార్టర్, మీద ఒక స్ట్రాంగ్ బీరు. మొత్తం 10 స్మాల్‌లు. పడుకుని లేచి, స్నానం చేసి, ఇడ్లీ తిని, శనివారం పొద్దున ఎనిమిదికి పిల్లాణ్ని బండి మీద స్కూల్లో దింపడానికి బయల్దేరారు. తల కాస్త బరువుగా ఉందంతే. ఆ వేళకు కూడా రక్తంలో 50కి దగ్గరగా ఉండే అవకాశం ఉంది. పోలీసు గొట్టం ఊదిస్తే కేసే. మొదటిసారి దొరికితే పదివేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇవన్నీ సుమారు అంకెలే, మనిషిని బట్టి మారతాయి. 'ఎంత తాగితే బండి నడపొచ్చు' అని లెక్కేసుకోవడానికి వీటిని వాడకండి. తాగే రాత్రి తాళం ఇంట్లో వదిలి వెళ్లండి, 4 దాటిన రాత్రి అయితే మర్నాడు పొద్దున కూడా ఆటోనే.

మాల వేసుకుంటున్నారా? ముందు ఇది చూడండి

'అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు ముట్టను, ఇంక నాకు అలవాటు ఎక్కడిది?' అని వాదించేవాళ్లు చాలామంది. వారానికి పది స్మాల్‌లలోపు తాగేవాళ్ల విషయంలో అది మంచి పద్ధతే. లివర్‌లో కొవ్వు కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది, నిద్ర బాగుపడుతుంది. మాల తీసిన రాత్రి మాత్రం జాగ్రత్త. ఇన్నాళ్లూ తట్టుకున్న అలవాటు పోయి ఉంటుంది, పాత క్వార్టర్ అప్పటికన్నా బలంగా కొడుతుంది.

రోజూ క్వార్టర్, ఆపైన తాగేవాళ్ల కథ వేరు. వాళ్లు ఒక్కసారిగా ఆపితే మొదటి రోజులోనే చేతులు వణకడం, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి లేనివి కనిపించడం, గోడ మీద పురుగులు పాకుతున్నాయనడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం వస్తుంది. ఇంట్లోవాళ్లు స్వామి ఆగ్రహమనో, గాలి సోకిందనో అనుకుని దిష్టి తీసే లోపు ప్రాణం మీదకు వస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్ షాపులు రాత్రికి రాత్రి మూతపడ్డప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి లక్షణాలతోనే జనం వరస కట్టారు. పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు షాపులు మూసేటప్పుడు కూడా కొన్ని ఇళ్లలో ఇదే జరుగుతుంది.

అందుకని రోజూ తాగేవాళ్లు మాలకు కనీసం రెండు మూడు వారాల ముందే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఫిట్స్ రాకుండా మాత్రలు ఇచ్చి రోజురోజుకూ వాటిని తగ్గిస్తూ, బీ1 విటమిన్ ఇచ్చి, సురక్షితంగా మాన్పిస్తారు. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మతి చెదిరినా ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మీరు ఏ కోవలో ఉన్నారో తేలకపోతే నాలుగు ప్రశ్నలు వేసుకోండి. తగ్గించాలని మీకే ఎప్పుడైనా అనిపించిందా? ఎవరైనా మీ తాగుడు గురించి అంటే చిరాకు వస్తోందా? తాగినందుకు తప్పు చేశానన్న బాధ ఉందా? పొద్దున లేవగానే చేతి వణుకు ఆగడానికో, తల దిగడానికో చుక్క వేసుకోవాల్సి వస్తోందా? డాక్టర్లు చాలా ఏళ్లుగా అడిగే ప్రశ్నలివి. రెండింటికి అవునంటే లిమిట్ లెక్కలు పక్కన పెట్టి సలహా తీసుకోవాల్సిందే. నాలుగోదానికి అవునంటే ఆ ఒక్కటే చాలు. డీ-అడిక్షన్ కోసం 14446, మానసిక ఆరోగ్య సలహాకు టెలీ మానస్ 14416, రెండూ ప్రభుత్వ ఉచిత నంబర్లే. ఊరూ పేరూ చెప్పుకోవడానికి మొహమాటంగా ఉంటే ముందు అక్కడ మాట్లాడొచ్చు.

ఇక డాక్టర్ ఎదురుగా కూర్చుని 'మందు అలవాటు ఉందా?' అని అడిగినప్పుడు 'అప్పుడప్పుడూ, ఫంక్షన్లకి' అనకండి. ఆ జవాబు అందరూ చెప్పేదే, దానితో డాక్టర్‌కు ఏమీ తెలియదు. వారానికి ఎన్ని మి.లీ., ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎప్పుడు, ఈ మూడూ చెప్పండి. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ అడిగినప్పుడైతే మరీ ముఖ్యం. మీకు ఇవ్వాల్సిన మత్తు మోతాదు, ఆపరేషన్ అయిన రెండో రోజు మంచం మీద మిమ్మల్ని ఎలా కనిపెట్టుకుని ఉండాలో కూడా దాన్ని బట్టే మారతాయి. భార్య పక్కనుంటే చెప్పలేకపోతే, కేస్ షీట్ రాసే నర్సు దగ్గర విడిగా చెప్పండి.